మందు ఎవరి చేతిలో ఉంది?
షేక్స్‌పియర్ ‘నడివేసవి రాత్రి కల’లో భ్రమ, వాస్తవం

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని ఈ వ్యాసం మొదలుపెడతాను. ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక సాహిత్య గోష్ఠిలో షేక్స్‌పియర్ సుఖాంత నాటకాల గురించి మాట్లాడవలసి వచ్చింది. ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ వంతు వచ్చేసరికి, అది పలాయనవాద సాహిత్యమనీ, రాజుగారి పెళ్ళి ముచ్చట అనీ, పనివాళ్ళను గేలిచేసి ప్రభువులను నవ్వించిన నాటకమనీ మూడు ముక్కల్లో కొట్టిపారేశాను. సభలో ఎవరూ అడ్డు చెప్పలేదు. అలాంటి మాటలకు మన గోష్ఠుల్లో సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పరు.

నా తీర్పు తప్పని చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలియజెప్పింది ఏ విమర్శకుడూ కాదు, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి. ఒకరోజు పాఠం తొందరగా అయిపోయి, గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉంటే పిల్లలకు ఈ కథ చెప్పాను. చివర, “అందరికీ పెళ్ళిళ్ళయ్యాయి” అని ముగించాను. ఆ అమ్మాయి లేచి, “సార్, డెమెట్రియస్‌కి మందు విరిచారా?” అని అడిగింది. లేదన్నాను. “అయితే అతనింకా మందులోనే ఉన్నాడు గదా సార్! మరి ఆ సంగతి హెలెనాకి ఎవరు చెప్తారు?” అంది. గంట కొట్టారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నాటకం మళ్ళీ చదివాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న జవాబు.

కథను క్లుప్తంగా గుర్తు చేస్తాను. ఏథెన్స్ ప్రభువు థీసియస్, తాను యుద్ధంలో గెలుచుకొచ్చిన అమెజాన్ల రాణి హిపాలిటాను పెళ్ళి చేసుకోబోతున్నాడు. ఈజియస్ అనే పెద్దమనిషి తన కూతురు హెర్మియా మీద ఫిర్యాదు తెస్తాడు. ఆమె లైసాండర్‌ను ప్రేమించింది. తండ్రి డెమెట్రియస్‌కు ఇస్తానంటాడు. తండ్రి మాట కాదంటే ఆమెకు మరణశిక్ష, లేదా జీవితాంతం కన్యగా మఠంలో బతకడం. ప్రేమికులిద్దరూ అడవిలోకి పారిపోతారు. హెర్మియా కోసం డెమెట్రియస్, డెమెట్రియస్ కోసం హెలెనా వాళ్ళ వెంటపడతారు. అడవిలో వనదేవతల రాజు ఓబెరాన్, రాణి టైటానియా ఒక పిల్లవాడి కోసం తగవులాడుకుంటున్నారు. ఓబెరాన్ ఒక పువ్వు రసం తెప్పిస్తాడు. అది నిద్రపోయేవారి రెప్పల మీద పిండితే, లేచి మొట్టమొదట ఎవరిని చూస్తే వారిమీద మరులు పుడుతుంది. ఆ రసంతో రాణి, గాడిద తల తగిలించుకున్న నేతగాడు బాటమ్‌ను ప్రేమిస్తుంది. ఇద్దరు యువకులూ హెర్మియాను వదిలి హెలెనా వెంటపడతారు. తెల్లవారేసరికి అంతా చక్కబడి మూడు పెళ్ళిళ్ళు జరుగుతాయి. పెళ్ళిపందిట్లో పట్నపు పనివాళ్ళు ఆరుగురు ఒక విషాద ప్రేమకథను నాటకమాడి అందరినీ నవ్విస్తారు.

ఈ నాటకంలో భ్రమ, వాస్తవం అనే విషయం మీద భావవాద విమర్శకులు సాధారణంగా చెప్పేదొకటి ఉంది. పట్టణం వాస్తవం, అడవి భ్రమ. పగలు వివేకం, రాత్రి మోహం. ప్రేమికులు భ్రమలో పడి, చెడి, నేర్చుకుని, పరిపక్వత పొంది వాస్తవంలోకి తిరిగి వస్తారు. వినడానికి ఇది బాగానే ఉంటుంది. కాని నాటకంలో ఉన్నది ఇది కాదు.

నాటకంలో ఉన్నదేమిటో వరసగా చూద్దాం. ఓబెరాన్ మందు ముగ్గురి కళ్ళలో పడింది. లైసాండర్ కళ్ళలో పొరపాటున పడితే, ఓబెరాన్ సేవకుడు పక్ దాన్ని విరిచాడు. టైటానియా మత్తును ఓబెరాన్ స్వయంగా విరిచాడు. ఎప్పుడు విరిచాడు? పిల్లవాడు తన చేతికి వచ్చిన తర్వాత. డెమెట్రియస్ మందు మాత్రం ఎవరూ విరవలేదు. అతను ఆ మందుతోనే నిద్ర లేచాడు, ఆ మందుతోనే పెళ్ళిపీటల మీద కూచున్నాడు, ఆ మందుతోనే తెర పడింది. దీన్ని నాటకకర్త మరుపు అనుకోవడానికి వీల్లేదు. లైసాండర్‌కు విరుగుడు వేసే దృశ్యాన్ని అంత శ్రద్ధగా రాసినవాడు పక్కనే పడుకున్న రెండోవాణ్ణి మరిచిపోయాడంటే నమ్మలేం.

దీనికొక ఆక్షేపణ ఉంది. డెమెట్రియస్ మొదట హెలెనానే ప్రేమించాడు, తర్వాత హెర్మియా వైపు తిరిగాడు, కనక మందు అతన్ని పాత ప్రేమకే చేర్చింది, ఇందులో భ్రమ ఏముంది అని. ఇది తోసిపుచ్చవలసిన మాట కాదు. జబ్బుచేసి అరుచి పుట్టినవాడు ఆరోగ్యం తిరిగొచ్చాక మళ్ళీ సహజమైన రుచికి వచ్చినట్టు తాను హెలెనా దగ్గరికి వచ్చానని డెమెట్రియస్ కూడా చెప్పుకుంటాడు. కాని ఆ మాట చెబుతున్నది ఎవరు? మందులో ఉన్న మనిషి. మందులో ఉన్నప్పుడు లైసాండర్ కూడా తన కొత్త ప్రేమ వివేకం వల్లనే పుట్టిందని హెలెనాతో వాదించాడు. తన భ్రమకు హేతువులు చూపించగలగడం భ్రమలో ఉన్నవాడి మొదటి లక్షణం. ఈ నాటకం దాన్ని దాచలేదు. రెండుసార్లు చూపించింది.

ఇప్పుడు చట్టం సంగతి. మొదటి అంకంలో హెర్మియా ప్రభువు ముందు నిలబడి ధైర్యంగా మాట్లాడింది. తన కళ్ళతో తన తండ్రి చూడగలిగితే బాగుండునని కోరింది. ఏథెన్స్ చట్టాన్ని సడలించే మార్గం తనకేమీ లేదని థీసియస్ స్పష్టంగా చెప్పాడు. నాలుగో అంకంలో అదే ప్రభువు, అదే తండ్రి అదే చట్టాన్ని చూపి న్యాయం కోరుతున్నా, అతని ఇష్టాన్ని తోసేసి, ప్రేమికులకు పెళ్ళి ఖాయం చేశాడు. మధ్యలో చట్టం మారిందా? మారలేదు. స్త్రీ మొర ఎవరి మనసునైనా కరిగించిందా? లేదు. మారింది ఒక్కటే: పెళ్ళికొడుకుగా నిర్ణయమైన పురుషుడు నాకు ఈ పిల్ల వద్దన్నాడు. అతను వద్దనడానికి కారణం అతని కళ్ళలోని రసం. అంటే హెర్మియా స్వేచ్ఛకు ఆధారం హెర్మియా వాదన కాదు, చట్టం కరుణా కాదు, ఎవరూ విరవని ఒక మందు. వాస్తవం అనిపించుకునే పట్టణపు న్యాయం కింద పునాదిగా ఉన్నది అడవిలోని భ్రమ.

చివరి అంకంలో హెర్మియా, హెలెనా ఇద్దరూ రంగం మీద ఉంటారు. పెళ్ళయిన తర్వాతి దృశ్యం అది. ఆ అంకమంతటిలో వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడరు. అంతకు ముందు అడవిలో ఒకరినొకరు తిట్టుకున్నవాళ్ళు, చిన్నప్పటి స్నేహాన్ని తలుచుకుని ఏడ్చినవాళ్ళు, తండ్రినీ ప్రభువునూ ఎదిరించినవాళ్ళు పెళ్ళితో మౌనమైపోయారు. వాళ్ళ భర్తలు మాత్రం నాటకం చూస్తూ ఎడాపెడా వ్యాఖ్యానాలు విసురుతుంటారు. “హెలెనాకి ఎవరు చెప్తారు?” అని మా అమ్మాయి అడిగింది. హెలెనా ఏమంటుందో వినే అవకాశం కూడా నాటకం మనకివ్వలేదు. ఈ మౌనాన్ని సుఖాంతం అని పిలవడం మన అలవాటు.

కనక భ్రమ వేరు, వాస్తవం వేరు అని గీత గీయడం ఈ నాటకం విషయంలో ప్రయోజనం లేని పని. అడగవలసిన ప్రశ్న వేరు. మందు ఎవరి చేతిలో ఉంది? ఎవరి కళ్ళలో పోయాలో, ఎవరికి ఎప్పుడు విరవాలో, ఎవరికి అసలు విరవకూడదో నిర్ణయించేది ఎవరు? నాటకం ఇచ్చే సమాధానం స్పష్టంగానే ఉంది: అధికారం ఉన్నవాడు. పీటర్ బ్రూక్ 1970లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీకి ఈ నాటకాన్ని ప్రయోగించినప్పుడు థీసియస్, ఓబెరాన్ పాత్రలు రెండూ ఒకే నటుడి చేత వేయించాడు. హిపాలిటా, టైటానియా పాత్రలు ఒకే నటి వేసింది. పట్టణపు ప్రభువూ అడవి ప్రభువూ ఒకడే అని చెప్పడానికి అంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఓబెరాన్, టైటానియాల తగవుకు కారణమైన పిల్లవాణ్ణి కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆ పిల్లవాడు భారతదేశం వాడు. తల్లి టైటానియా భక్తురాలు, ప్రసవంలో చనిపోయింది. ఇంగ్లండులో ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది 1600 డిసెంబరు 31న. ఈ నాటకం మొదటిసారి అచ్చయిందీ 1600లోనే. రెంటికీ కార్యకారణ సంబంధం ఉందని నేననను. నాటకం రాసింది అంతకు ముందే, 1595–96 ప్రాంతాల్లో. కాని ఆ తల్లి కథ చెప్పేటప్పుడు టైటానియా మాటల్లో సముద్రతీరమూ, సరుకులతో వచ్చే వర్తకుల ఓడలూ కనిపిస్తాయి. పిల్లవాడు రంగం మీదికి ఒక్కసారైనా వస్తాడని నాటకపాఠంలో లేదు. అతనికి పేరు లేదు, మాట లేదు. అతని కోసం ఇద్దరు ఏలికలు పోరాడతారు, ఒకరు గెలుస్తారు. దాన్ని సయోధ్య అంటారు.

ఆ పోరాటం ఫలితమేమిటో టైటానియాయే చెబుతుంది. ఏరులు పొంగి పొలాలు మునిగాయి, కాడి లాగిన ఎద్దు శ్రమా రైతు చెమటా వృథా అయ్యాయి, కంకి ముదరకుండానే పైరు కుళ్ళింది, రోగంతో చచ్చిన గొర్రెలను తిని కాకులు బలిశాయి. ఇదంతా మన కలహం కన్న బిడ్డ అంటుంది. దీన్ని కవితా వర్ణనగా మాత్రమే చదివేవాళ్ళు 1594 నుంచి 1597 దాకా ఇంగ్లండులో వరసగా నాలుగు పంటలు దెబ్బతిన్నాయనే సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1595లో తిండి ధరలు పెరిగి లండన్‌లో పని నేర్చుకునే కుర్రవాళ్ళు అల్లర్లకు దిగారు. 1596 నవంబరులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో బార్తలోమ్యూ స్టీర్ అనే వడ్రంగి, కంచెలు కట్టి భూములు ఆక్రమించిన పెద్దమనుషుల మీద తిరుగుబాటుకు పిలుపిచ్చాడు. వచ్చినవాళ్ళు బహు కొద్దిమంది. దానికే ప్రభుత్వం విచారణలూ మరణశిక్షలూ విధించింది. ఆ కాలపు ప్రేక్షకుడికి పనివాళ్ళు నలుగురు రాత్రిపూట అడవిలో రహస్యంగా కలుసుకోవడం అంటే నవ్వులాట మాత్రమే అయి ఉండదు.

ఇక ఆ పనివాళ్ళ దగ్గరికి వద్దాం. వడ్రంగి క్విన్స్, నేతగాడు బాటమ్, కొలిమితిత్తులు బాగుచేసే ఫ్లూట్, పాత్రలకు మాట్లు వేసే స్నౌట్, బల్లలూ పెట్టెలూ చేసే స్నగ్, దర్జీ స్టార్వ్‌లింగ్. పగలంతా చేతులతో పనిచేసి, రాత్రి నాటకం వల్లించుకునేవాళ్ళు. వీళ్ళను గేలిచేసే నాటకం కనక ఇది ప్రభువుల నాటకం అని నేనన్నాను. అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, ఇది ఏదో ఒక పెద్దింటి పెళ్ళికోసం రాసిన నాటకమనే ఊహకు సాక్ష్యం లేదు. 1600 నాటి ప్రతి ముఖపత్రం మీద ఉన్నది బహిరంగంగా పలుమార్లు ప్రదర్శించిన నాటకమని. రెండు, ఆ నవ్వులో రాసినవాడూ ఉన్నాడు. షేక్స్‌పియర్ తండ్రి చేతితొడుగులు కుట్టే పనివాడు. లండన్‌లో 1576లో ‘ది థియేటర్’ అనే నాటకశాల కట్టించిన జేమ్స్ బర్బేజ్ స్నగ్ చేసే పనే చేసినవాడు. 1572 నాటి చట్టం ప్రకారం పెద్ద ప్రభువు అండలేని నటుడు దేశదిమ్మరి కింద శిక్షార్హుడు. ప్రభువు మెప్పుకోసం వణుకుతూ నాటకమాడే పనివాణ్ణి షేక్స్‌పియర్ ఎక్కడో దూరంనుంచి చూసి రాయలేదు.

ఈ పనివాళ్ళు భ్రమను ఎలా తయారుచేస్తారో చూడండి. సింహం వేషం వేసిన స్నగ్ నేను సింహాన్ని కాను, స్నగ్ అనే పనివాణ్ణి అని ముందే చెప్పేస్తాడు. గోడ వేషం వేసినవాడు నేను గోడను అని చెబుతాడు. కత్తితో పొడుచుకునేవాడు నిజంగా చావడని ముందుమాట రాయించుకుంటారు. ఓబెరాన్ మందుకూ ఈ నాటకానికీ ఉన్న తేడా ఇక్కడ ఉంది. ఓబెరాన్ నిద్రపోయేవాడి కళ్ళలో చాటుగా మందు పోసి, లేచాక ఇదంతా కల అనుకునేటట్టు చేస్తాడు. పనివాళ్ళు మేలుకున్నవాళ్ళ ఎదుట, దీపాల వెలుగులో, ఇది మేము చేసిన బొమ్మ అని చెప్పి మరీ ఆడతారు. మొదటిది కనికట్టు, రెండోది కళ. మొదటిది మనిషి చూపును లాక్కుంటుంది. రెండోది చూడమని పిలుస్తుంది. బాటమ్‌ను చూసి నవ్వే పెద్దమనుషులకు తమలో ఒకడి కళ్ళలో ఇంకా మందు ఉందని తెలియదు.

అయితే పనివాళ్ళ నాటకం చెడిపోయింది కదా? చెడిపోయింది. ఎందుకు చెడిపోయింది? వాళ్ళకు తెలివి లేక అనడం తేలిక. నాటకపాఠం వేరే కారణం చెబుతుంది. సింహం గట్టిగా అరిస్తే రాణులూ దొరసానులూ జడుసుకుంటారు, అప్పుడు మనందరినీ ఉరితీస్తారు అని వాళ్ళు భయపడ్డారు. ఆ భయంతోనే ప్రతిదానికీ ముందుమాట పెట్టుకున్నారు, ప్రతి గుర్తుకూ అర్థం చెప్పుకున్నారు. చూసేవాడి ఊహమీద నమ్మకం ఉంచలేకపోయారు. చెడ్డ శిల్పానికి మూలం ఇక్కడ అజ్ఞానం కంటే భయం.

ఈ మాట రాస్తున్నప్పుడు నాకు షేక్స్‌పియర్ కంటే మనమే ఎక్కువగా గుర్తొస్తున్నాం. అభ్యుదయ కథల్లో ఎన్నింటిలో గోడలు లేచి మేము గోడలం అని మాట్లాడటం లేదు? పాత్ర తన వర్గమేమిటో తానే చెబుతుంది. చివరి పేరాలో రచయిత వచ్చి కథకు భాష్యం చెబుతాడు. పాఠకుడికి అర్థం కాదేమోనని చెబుతున్నామంటాం. నిజానికి మనల్ని నడిపించేది అనేకసార్లు మరో భయం. మనవాళ్ళే తప్పుగా అర్థం చేసుకుంటారేమో, సమీక్షలో ‘దృక్పథం లోపించింది’ అంటారేమో అని. గోష్ఠిలో మూడు ముక్కల్లో తీర్పు చెప్పిన ఆనాటి నేను కూడా అలాంటి భయం పుట్టించినవాళ్ళలో ఒకణ్ణే. స్నగ్ నిజాయితీ మనకు కావాలి. స్నగ్ భయం మనకు అక్కర్లేదు.

క్రిస్టఫర్ కాడ్వెల్ ‘ఇల్యూజన్ అండ్ రియాలిటీ’ 1937లో వెలువడింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే, అతను స్పెయిన్‌లో ఫాసిస్టులతో పోరాడుతూ చనిపోయాడు. ఆదిమ సమాజంలో ఇంకా పండని పంటను పాటలో పండినట్టు ఊహించుకోవడం సోమరి కల కాదనీ, అది సమూహాన్ని నిజమైన పంటకోసం చేసే శ్రమకు సిద్ధం చేస్తుందనీ అతని వాదం. అంటే భ్రమలన్నీ ఒకటి కావు. మనిషిని వాస్తవం దగ్గరికి తిరిగి తీసుకువచ్చి దాన్ని మార్చే శక్తినిచ్చే భ్రమ ఒకటి. వాస్తవాన్ని కప్పిపెట్టి ఉన్నచోటే ఉంచే భ్రమ మరొకటి. ఈ గీటురాయి మీద గీసి చూస్తే నాటకంలోని రెండు భ్రమల రంగూ బయటపడుతుంది.

థీసియస్ ఈ తేడా ఎరగడు. పిచ్చివాడూ ప్రేమికుడూ కవీ ఒక తాను ముక్కలే, లేనిదాన్ని ఉన్నట్టు ఊహిస్తారు అని తేల్చేస్తాడు. ఆ మాటను చాలామంది షేక్స్‌పియర్ సాహిత్య సిద్ధాంతంగా ఉదహరిస్తారు. కాని దానికి వెంటనే హిపాలిటా ఇచ్చిన జవాబును వదిలేస్తారు. నలుగురి మనసులూ ఒకేసారి మారి, నలుగురూ ఒకే కథ చెబుతున్నప్పుడు అది వట్టి ఊహ కాదు, అందులో నిలకడైనదేదో ఉంది అంటుంది ఆమె. ఓడిపోయి పెళ్ళాడబడుతున్న స్త్రీ, గెలిచినవాడి హేతువాదాన్ని ప్రశ్నిస్తోంది. ఒకడి కల భ్రమ కావచ్చు, నలుగురు చెప్పే కలను విచారించాలి. ఆమె మాటలో సామాజిక సత్యం ఉంది. ప్రభువు దగ్గర దానికి జవాబు లేదు. ఇంతలో కొత్త దంపతులు వచ్చి సంభాషణ మారిపోతుంది.

ఇదంతా చెప్పి, షేక్స్‌పియర్ పనివాళ్ళ పక్షాన నిలిచిన విప్లవ రచయిత అని నేను తీర్మానించబోవడం లేదు. అది మరో రకం మందు. బాటమ్ తిరుగుబాటుదారుడు కాడు. అతని ఆశ ప్రభువు మెప్పు. అతను కనబడక నాటకం ఆగిపోతుందనుకున్నప్పుడు, రోజుకు ఆరు పెన్నీల చొప్పున జన్మంతా వచ్చే భృతి చేజారిందే అని తోటివాళ్ళు బాధపడతారు. అతను తిరిగి వచ్చాడు, నాటకం ఆడారు. ఆ ఆరు పెన్నీలు ఇచ్చినట్టు మాత్రం నాటకంలో ఎక్కడా లేదు. షేక్స్‌పియర్ ఏ పరిష్కారమూ చూపలేదు. ఎవరి సుఖం దేనిమీద నిలబడిందో దాచకుండా చూపించాడు. అతని కాలంలో, అతని పరిమితుల్లో అది చిన్న పని కాదు.

చివరిగా ఒక్క విషయం. అడవిలో రాత్రి గడిపిన ప్రేమికులు లేచి, ఏం జరిగిందో స్పష్టంగా గుర్తులేక, కలలు చెప్పుకుంటూ ప్రభువు వెంట నడిచిపోయారు. బాటమ్ ఒక్కడే ఒంటరిగా లేచి, తనకు వచ్చిన కలకు మాటలు చాలక తడబడి, క్విన్స్ చేత దీన్ని పాటగా రాయిస్తాను, నాటకం చివర ప్రభువు ముందు పాడతాను అనుకున్నాడు. రాణిని కళ్ళారా చూసిన మనిషి అతనొక్కడే. కలను పాట చేయాలనుకున్న మనిషీ అతనొక్కడే. నాటకం ముగిశాక భరతవాక్యం వినిపించమంటారా, నాట్యం చూస్తారా అని అతను అడిగితే, ప్రభువు భరతవాక్యం వద్దన్నాడు, నాట్యం కానిమ్మన్నాడు. ఆ పాట మనకు ఎక్కడా వినిపించదు.

నాలుగువందల ఏళ్ళుగా ఈ నాటకం ముగిసిన ప్రతిసారీ నేతగాడి పాట పాడకుండానే దీపాలు ఆరిపోతున్నాయి. హెలెనాకి ఎవరు చెప్తారని అడిగిన ఆ అమ్మాయికి నేనిప్పుడు చెప్పగలిగిన జవాబు ఇది: చెప్పవలసింది బాటమ్ పాట. అది రాయవలసిన క్విన్స్‌లు ఇంకా ముందుమాటలు రాసుకుంటూ కూచున్నారు.